మంచం పక్కన ఎవరుంటారు?

ఆసుపత్రి ఇంటికి పంపేసిన రోగి బాధ్యతను కేరళలో ఇరుగుపొరుగు వాళ్లు తమ మీద వేసుకున్నారు. పదహారు గంటల శిక్షణతో కూలీలు, టీచర్లు, ఆటోడ్రైవర్లు ఆ పనికి దిగారు. మన ఊళ్లలో అది ఎందుకు జరగకూడదు?

"ఇక మేం చేసేదేం లేదమ్మా. ఇంటికి తీసుకెళ్లండి. ఏం తినాలనిపిస్తే అది పెట్టండి."

క్యాన్సర్ ముదిరిపోయిన మనిషిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లిన చాలా కుటుంబాలు చివరగా వినేది ఈ మాటే. డాక్టరును తప్పుపట్టలేం. బయట వరండాలో ఇంకా యాభై మంది ఉంటారు. ఆయన చదివిన చదువంతా జబ్బును నయం చేయడానికి. నయం కాదని తేలాక ఏం చెయ్యాలో ఆయనకూ ఎవరూ సరిగా నేర్పలేదు. ఆటో మాట్లాడుకుని ఇల్లు చేరాక కుటుంబానికి అసలు కష్టం మొదలవుతుంది. మనిషిని మంచం మీద ఎలా పక్కకు తిప్పాలో తెలియదు. నడుం కింద పుండు పడితే ఏం రాయాలో తెలియదు. అర్ధరాత్రి నొప్పికి కేకలు పెడుతుంటే ఇవ్వడానికి ఇంట్లో ఉన్నది జ్వరం బిళ్ల.

మొదటి వారం చుట్టాలు పళ్లు పట్టుకుని వస్తారు. నెల తిరిగేసరికి గడప తొక్కేవాళ్లు తగ్గిపోతారు. వాసన భరించలేక కొందరు రారు, ఏం మాట్లాడాలో తెలియక కొందరు రారు. అంటుకునే జబ్బేమోనని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొడుకు పనికి పోకపోతే కూలి డబ్బులు రావు. కోడలికి రాత్రి, పగలు ఒకటైపోతాయి. చాలా ఇళ్లలో ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువు, ఎందుకంటే ముసలావిడ దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. పక్షవాతం వచ్చిన వాళ్లు, చెట్టు మీంచి పడి నడుం విరిగిన వాళ్లు, కిడ్నీలు పాడైన వాళ్లు, మతిమరుపు ముదిరిన వృద్ధులు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇంచుమించు ఇదే వరస.

చేసేదేం లేదన్న చోట చేయాల్సింది కొండంత ఉంది. అందులో డాక్టరు మాత్రమే చేయగలిగింది కొంత, నర్సు చేయాల్సింది మరికొంత. తక్కినదంతా పక్కింటి మనిషి నేర్చుకుంటే చేయగలిగిందే. కేరళలో ఉత్తరాన కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో మామూలు మనుషులు ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నారు.

నొప్పి తగ్గిన మనిషి

కోజికోడ్ మెడికల్ కాలేజీలో మత్తుమందు నిపుణుడిగా పనిచేసిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ తన తొలి రోజుల నాటి ఒక సంఘటనను చాలాసార్లు చెప్పారు. క్యాన్సర్‌తో విపరీతమైన నొప్పి పడుతున్న ఒక కాలేజీ అధ్యాపకుడు ఆయన దగ్గరికి వచ్చాడు. నరానికి సూది వేస్తే నొప్పి పోయింది. మళ్లీ ఎప్పుడు రావాలని ఆ మనిషి అడిగాడు. నొప్పి తగ్గింది కాబట్టి ఇక రానక్కర్లేదని డాక్టరు చెప్పారు. ఆయన ఇంటికి వెళ్లి ప్రాణం తీసుకున్నాడు. తన జబ్బు నయం కాదన్న సంగతి ఆయనకు తెలిసింది ఆ రోజే. అంతకు ముందు ఎవరూ ఆయనకు ఆ మాట చెప్పలేదు.

నరం నొప్పి ఒక్కటే తనకు కనబడిందని, ఆ మనిషి భయం, దిగులు, ఒంటరితనం కనబడలేదని రాజగోపాల్ తర్వాత గ్రహించారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ కూడా చెప్పింది ఇదే. రోగి బాధ శరీరానిదే కాదు, మనసుది, కుటుంబానిది, అప్పులది, నమ్మకాలది కూడా అని ఆమె అనేవారు. ఆమె మొదట నర్సు, తర్వాత సామాజిక కార్యకర్త, ఆ పైన డాక్టరు. మూడు కుర్చీల్లోంచి రోగిని చూసినందువల్లే ఆ సంగతి ఆమెకు తెలిసిందని నాకనిపిస్తుంది.

1993లో రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, మరికొందరు కలిసి కోజికోడ్ మెడికల్ కాలేజీలో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. జబ్బు నయం కాకపోయినా నొప్పి, ఆయాసం, పుండ్లు, వాంతుల వంటి బాధలు తగ్గించి, ఉన్నన్నాళ్లు మనిషిని మనిషిలా బతికించే వైద్యమే పాలియేటివ్ కేర్. రోగులు జిల్లాలు దాటి వచ్చారు. నడవలేని మనిషిని జీపులో పడుకోబెట్టి, గతుకుల రోడ్ల మీద గంటల కొద్దీ ప్రయాణం చేయించి ఒక మందు బిళ్ల కోసం తీసుకొచ్చేవాళ్లు. మళ్లీ వచ్చే వారానికి కొందరు వచ్చే స్థితిలో ఉండేవాళ్లు కారు. ఇంకెందరో అసలు మంచం దిగి రాలేని వాళ్లు. ఆసుపత్రి ఎంత మంచిదైనా రోగి ఇరవై నాలుగు గంటలు గడిపేది తన ఇంట్లోనే.

అక్కడినుంచి పని ఆసుపత్రి గోడలు దాటింది. 2000 ప్రాంతంలో మలప్పురం జిల్లాలోని మంజేరి, నిలంబూర్ వంటి చోట్ల స్థానికులు సొంతంగా కేంద్రాలు మొదలుపెట్టారు. ఇలాంటి కేంద్రాలన్నీ కలిసి ఇరుగుపొరుగు పాలియేటివ్ సంరక్షణ వలయంగా ఏర్పడ్డాయి. ఊరి రోగుల బాధ్యత ఊరిదే, డాక్టర్లు, నర్సులు ఆ ఊరికి సాయం వస్తారన్నది దాని పద్ధతి. మామూలుగా మన దగ్గర సేవా సంస్థలు ఇందుకు తలకిందులుగా నడుస్తాయి. నిపుణులు ముందు నిలబడి, ఊరివాళ్లను కుర్చీలు వేయడానికి, బ్యానర్లు కట్టడానికి పిలుస్తారు. కేరళ చేసిన గొప్ప పని ఈ వరసను మార్చడమే.

పదహారు గంటలు

వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగిన ఎవరైనా వాలంటీరుగా చేరొచ్చు. చదువుతో పనిలేదు. పదహారు గంటల తరగతులుంటాయి. ఆ తర్వాత నాలుగుసార్లు అనుభవం ఉన్నవాళ్లతో కలిసి రోగుల దగ్గరికి వెళ్లాలి. హమాలీ, రిటైరైన టీచరు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన డ్రైవరు, చేపలమ్మే మనిషి, గృహిణి ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

తరగతిలో ఎక్కువ సమయం తీసుకునేది పుండు కట్టడం కాదు, మాట్లాడటం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే మాట్లాడకుండా ఉండటం. మంచం మీదున్న మనిషి "నేనింకెన్నాళ్లు ఉంటాను?" అని అడిగితే మన నోట్లోంచి వెంటనే వచ్చే మాట, "ఛ, అవేం మాటలు! నీకేం కాదు." ప్రేమతోనే అంటాం. కానీ ఆ ఒక్క ముక్కతో ఆ మనిషి నోరు మూసేస్తున్నాం. ఆవిడ చెప్పాలనుకున్నది బహుశా చిన్న కూతురి పెళ్లి గురించో, ఎవరికీ తెలియని చేబదులు గురించో అయ్యుండొచ్చు. అబద్ధం చెప్పకూడదు, అడగని నిజాన్ని నెత్తిన రుద్దకూడదు. దేవుడి పరీక్షనో, పూర్వజన్మ పాపమనో వ్యాఖ్యానాలు చేయకూడదు. కూర్చుని వినాలి. ఇవన్నీ నేర్పుతారు. ఇది నేర్పితే వచ్చే విద్యేనా అని సందేహం రావచ్చు. నేర్పకపోతే ఎవరికీ రావడం లేదన్నది మాత్రం మన ఇళ్లే చెబుతున్నాయి.

ఒక ఇంట్లో

హోమ్ కేర్ జట్టులో ఒక నర్సు, ఇద్దరు ముగ్గురు వాలంటీర్లు ఉంటారు. డాక్టరు అవసరమైనప్పుడు వస్తాడు. జీపు వెళ్లినంత దూరం జీపులో, ఆ తర్వాత పొలంగట్ల మీద నడిచి వెళ్లడమే.

నడుం కింద స్పర్శ లేని మనిషి ఉన్న ఇల్లు అనుకుందాం. ముందు ఆయన్ను పలకరించి, రాత్రి నిద్ర పట్టిందా, విరేచనం అయిందా అని అడుగుతారు. తర్వాత నెమ్మదిగా పక్కకు తిప్పి తోకెముక మీద, తుంటి మీద, మడమల మీద, భుజం రెక్కల దగ్గర చర్మం చూస్తారు. ఒకే వైపు గంటల కొద్దీ పడుకుంటే శరీరం బరువుకు ఆ చోట్ల నెత్తురు ఆడదు. మొదట ఎర్రబడుతుంది, తర్వాత తోలు ఊడుతుంది, పట్టించుకోకపోతే ఎముక కనబడేదాకా పోతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే చాలావరకు ఈ పుండ్లు రావు. రెండు గంటలకోసారి అంటే రోజుకు పన్నెండుసార్లు. ఒక్క మనిషి, నెలల తరబడి అలా తిప్పడం సాధ్యం కాదు. అందుకే ఇంట్లో వాళ్లందరికీ, ముఖ్యంగా మగవాళ్లకు, తిప్పడం నేర్పుతారు.

పుండు ఉంటే ఉప్పునీళ్లతో కడుగుతారు. ఆ నీళ్లు కొననక్కర్లేదు. అర లీటరు నీళ్లు మరగబెట్టి ఒక చెంచా ఉప్పు వేసుకుంటే సరిపోతుంది. దూది, గాజ్ గుడ్డ కొనలేని ఇంట్లో ఉతికిన పాత నూలు బట్టను ముక్కలు చేసి, ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పట్టించి వాడటం చూపిస్తారు. క్యాన్సర్ పుండు నుంచి వచ్చే దుర్వాసనకు మెట్రోనిడజోల్ బిళ్లలు మెత్తగా నూరి పుండు మీద చల్లుతారు. రూపాయల్లో అయ్యే మందు అది. వాసన తగ్గిన ఇంట్లోకి మనవలు మళ్లీ వస్తారు, పక్కింటావిడ లోపలికొచ్చి కూర్చుంటుంది. రోగికి మందు పడితే కుటుంబానికి చుట్టాలు తిరిగొచ్చారు. వైద్యం అంటే ఇది కూడా అని ఏ పుస్తకం చెప్పకపోయినా ఆ ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.

నర్సు కట్టు కడుతున్నంతసేపు ఒక వాలంటీరు వంటింట్లో ఉంటాడు. డబ్బాల్లో బియ్యం ఉన్నాయా, గ్యాసు ఉందా, పిల్లలు బడికి వెళ్తున్నారా, పింఛను వస్తోందా అని చూస్తాడు. చాలా కేంద్రాలు ఇలాంటి ఇళ్లకు నెలనెలా బియ్యం, పప్పులు ఇస్తాయి, పిల్లల పుస్తకాలకు, ఫీజులకు సాయం చేస్తాయి. నడుం విరిగి మంచాన పడ్డ పడుచువాళ్లకు గొడుగులు కుట్టడం వంటి పని నేర్పి, ఆ గొడుగుల్ని ఊళ్లోనే అమ్మిపెడతాయి. తన సంపాదనతో కూతురికి చెప్పులు కొన్న తండ్రి మందులు కూడా వేళకు వేసుకుంటాడు.

నల్లమందు పండే దేశంలో నొప్పి

వాలంటీరు చేయలేని పని ఒకటుంది. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పి మాటలకు తగ్గదు. దానికి మార్ఫిన్ కావాలి. డాక్టరు పర్యవేక్షణలో నాలుగు గంటలకోసారి బిళ్ల వేస్తే చాలామందికి నొప్పి అదుపులోకి వస్తుంది. దాంతోపాటు మలబద్ధకానికి మందు తప్పకుండా ఇవ్వాలి. మార్ఫిన్ తయారయ్యేది నల్లమందు నుంచి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో ఆ పంట పండిస్తారు. ఇక్కడ తీసిన నల్లమందు విదేశాల మందుల కంపెనీలకు వెళ్తుంది. మన రోగికి మాత్రం బిళ్ల దొరకలేదు.

కారణం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం. మత్తు వ్యాపారాన్ని అణచడానికి తెచ్చిన ఆ చట్టంలో శిక్షలు కఠినం, చిన్న రాతకోత తప్పుకు కూడా జైలు భయం. ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు, అవన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. మందుల షాపులు మానేశాయి, ఆసుపత్రులు మానేశాయి. 1997 నాటికి దేశం మొత్తం మీద వైద్యానికి వాడిన మార్ఫిన్ 18 కిలోలకు పడిపోయింది. ఒక తరం డాక్టర్లు ఆ బిళ్ల రాయడం నేర్చుకోకుండానే డాక్టర్లయ్యారు. రాజగోపాల్, ఆయన సహచరులు ఇరవై ఏళ్లు తిరిగి, కాగితాలు పెట్టి, కోర్టుకెక్కి, అధికారులను ఒప్పించాక 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఇప్పుడు ఒకే అనుమతి చాలు. దాదాపు మూడు దశాబ్దాలు లక్షల మంది అరుస్తూ పోయారు. దీన్ని తలచుకుంటే కోపం వస్తుంది, రావాలి కూడా.

బస్సువాళ్ల కలెక్షన్

ఇంత పనికి డబ్బెక్కడిది? ఉత్తర కేరళ కేంద్రాల్లో చాలాభాగం ఊళ్లోనే పుడుతుంది. కిరాణా కొట్టులో, హోటల్ కౌంటరు మీద హుండీ పెడతారు. నెలకు ఇంతని చిన్న మొత్తాలు రాయించుకుంటారు. ప్రైవేటు బస్సుల వాళ్లు ఒక రోజు వసూళ్లు ఇచ్చేస్తారు. గల్ఫ్‌లో ఉన్న ఊరివాళ్లు పంపుతారు. కోటి రూపాయలిచ్చే ఒక దాత కంటే పది రూపాయలిచ్చే లక్ష మంది మేలని ఈ పని చేసేవాళ్లు నమ్ముతారు. హుండీలో పది రూపాయలు వేసిన మనిషి లెక్క అడుగుతాడు, తన వీధిలో రోగి ఉంటే కబురు చేస్తాడు.

2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ విధానాన్ని ప్రకటించి పనిని స్థానిక సంస్థలకు అప్పగించింది. దేశంలో అలాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం అదే. ఆ రాష్ట్రంలో 941 గ్రామ పంచాయతీలున్నాయి. దాదాపు ప్రతి పంచాయతీ తరఫునా ఇంటికొచ్చే నర్సు ఉంది. 2010లో ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ నలభై దేశాల్లో చివరి రోజుల సంరక్షణ ఎలా ఉందో పోల్చి చూస్తే మన దేశం నలభయ్యో స్థానంలో నిలిచింది. అదే నివేదిక, దేశ జనాభాలో మూడు శాతమున్న కేరళ దేశంలోని పాలియేటివ్ సేవల్లో మూడింట రెండు వంతులు అందిస్తోందని రాసింది. ప్రపంచమంతటా ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సంరక్షణ కావాలని, అందుతున్నది 14 శాతానికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోనక్కర్లేదు. పార్టీలు, మత సంస్థలు ఎవరికి వారు కేంద్రాలు తెరిచి, ఒకే వీధికి ఇద్దరు వెళ్తే ఇంకో వీధికి ఎవరూ వెళ్లని చోట్లున్నాయి. పంచాయతీ నర్సు వచ్చాక కొన్ని ఊళ్లలో వాలంటీర్లు పక్కకు జరిగి, పని మళ్లీ కట్టు మార్చి సంతకం పెట్టించుకోవడంగా మిగిలింది. వరసగా చావులు చూసి అలిసిపోయి మానేసేవాళ్లుంటారు. నేనైతే ఈ చివరిదాన్నే అన్నిటికంటే పెద్ద లోటుగా చూస్తాను. ఇతరుల దుఃఖం మోసేవాళ్ల దుఃఖం వినడానికి ఒక చోటు ఏర్పాటు చేయకపోతే ఎంత మంచి కేంద్రమైనా నాలుగేళ్లకు ఖాళీ అవుతుంది.

మన గడపల దగ్గర

"కేరళ సంగతి వేరండీ" అంటారు మనవాళ్లు. అక్కడ చదువుంది, గ్రంథాలయాలున్నాయి, సంఘాలున్నాయి. నిజమే. కానీ మనకేం తక్కువ? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని మరుసటి ఏడాదే ప్రభుత్వం చేత సారాను నిషేధింపజేసింది. ఆ తర్వాత డ్వాక్రా సంఘాలు లేని ఊరు రెండు రాష్ట్రాల్లో దాదాపు లేదు. వాయిదాలు కట్టడానికి క్రమం తప్పకుండా సమావేశమయ్యే ఇంతమంది ఆడవాళ్లు, వీధివీధీ తెలిసిన ఆశా కార్యకర్త మనకున్నారు. కోజికోడ్‌లో మొదలుపెట్టినవాళ్లకు ఇంత సిద్ధంగా ఉన్న యంత్రాంగం లేదు.

అన్నదానం మన రక్తంలో ఉంది. గోదావరి లంకల్లో వేళకాని వేళ వచ్చినవాడికీ వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారిని వందేళ్లు దాటినా తలచుకుంటున్నాం. అయితే అన్నదానం గడప దాకా వచ్చినవాడికి అందుతుంది. మంచం దిగలేని మనిషి ఏ గడపకూ రాలేడు. ఆ మనిషి కోసం మనమే లేచి వెళ్లాలి, మనకు అలవాటు కానిది అదొక్కటే.

వైద్యం వైపు నుంచి కొంత దారి పడింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్‌లో చివరి దశ రోగులను ఉచితంగా చూస్తారు. తెలంగాణ ప్రభుత్వం 'ఆలన' పేరుతో జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచి, ఇళ్లకు వాహనాలు పంపుతోంది. కానీ ఒక వాహనం జిల్లాలో ఎన్ని ఊళ్లు తిరగగలదు? అది వచ్చి వెళ్లాక, మళ్లీ వచ్చేదాకా మధ్యనున్న రోజులు ఎవరివి?

ఆ రోజులు వీధివాళ్లవి. మొదటి నెల డబ్బుతో పనిలేదు. సంఘం సమావేశంలో వాయిదాల లెక్క అయ్యాక మన వాడలో మంచాన పడ్డవాళ్లు ఎవరెవరున్నారని ఒక్క ప్రశ్న అడిగి నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. చిన్న ఊళ్లోనైనా వేళ్ల మీద లెక్కకు మించి పేర్లు వస్తాయి, అందులో కొన్ని మనం మరిచిపోయినవి. ఆ పేర్లతో ఆశాను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును కలిసి, తిప్పడం, కడగడం, కట్టు కట్టడం నేర్పడానికి ఒక నర్సును అడగాలి. జిల్లా కేంద్రంలో మార్ఫిన్ ఉందా, రాసే డాక్టరు ఉన్నాడా అని తెలుసుకోవాలి. లేకపోతే ఎందుకు లేదో నలుగురు కలిసి వెళ్లి అడగాలి. కాలేజీ పిల్లల్ని కలుపుకోవాలి. కేరళలో విద్యార్థులు ఈ పనిలోకి గుంపులుగా వచ్చారు. బడి మానేసిన మనవరాలికి పాఠం చెప్పడానికి, మందులు తెచ్చిపెట్టడానికి వాళ్లకంటే తగినవాళ్లు లేరు.

ఇంకో పని రోగి కోసం కాదు, ఆ ఇంటి కోడలి కోసం. "అమ్మాయ్, నువ్వు కాసేపు బయటికెళ్లి రా, పెద్దమ్మ దగ్గర నేను కూర్చుంటా" అని పక్కింటి అత్త వారానికోసారి వచ్చి అంటే, ఆ రెండు గంటల్లో ఆమె బ్యాంకుకు వెళ్తుంది, తన ఒంట్లో బాగాలేదని డాక్టరుకు చూపించుకుంటుంది, లేదా పుట్టింటికి ఫోన్ చేసుకుని తనివితీరా ఏడుస్తుంది. అత్తకు చెప్పాల్సినవి మూడే: పెద్దమ్మను ఎన్ని గంటలకు తిప్పాలో, నీళ్లు ఎలా తాగించాలో, ఏదైనా తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో. ఈ మూడూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్క గోడకు అంటించొచ్చు.